దువ్వెనకు తెలిసిన దెబ్బలు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు, ఎందుకంటే నాకు రాయడం వచ్చేది కాదు. ఈమధ్యే, మట్టెవాడలో మా పక్కింటి టీచరమ్మ దగ్గర యాభై నాలుగో ఏట అక్షరాలు దిద్దాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. హనుమకొండలో ఒక దవాఖానలో, మనోవ్యాధి ఆడవాళ్ల వార్డులో నేను ఆయాను. ఆదివారాలు అందరికీ నూనె రాసి తల దువ్వేదాన్ని. ఒక ఆదివారం, ఆ వార్డులో ఉన్న రాజమణి జడ విప్పి దువ్వుతుంటే ఎడమ చెవి పైన నా వేలు గుంటలోకి దిగింది. వెనక మరో రెండు చోట్ల బొడిపెలు.

"ఇదేందే?"

"మగ్గం గుంతల వడ్డనక్కా."

"గుంతల వడితె కాళ్లిరగాలె గని, మూడు తావుల తల వలుగుతదా?"

నవ్వింది. "దువ్వెన వట్టినవు గని, నువ్వు డాక్టరమ్మవు గావాల్సింది." తర్వాత మెల్లగా అంది: "మా ఆయన రోకలితోని కొట్టిండక్కా. ఎవ్వలకు చెప్పకు. తెలిస్తె బిడ్డను నాకు సూపియ్యడు."

చెప్పనని ఒట్టు వేశాను.

ఆ వారమే పరిశోధన చేసే డాక్టరు మేడం వచ్చింది. తలకు పదే పదే దెబ్బలు తగిలిన ఆడవాళ్లకు మతిమరుపు, కోపం, ఏడుపు వస్తాయని, అది ఉత్త మనోవ్యాధిలా కనబడుతుందని నర్సులకు చెప్పింది. అలాంటివాళ్లకు మెదడు స్కాన్ తీయిస్తోంది.

రాజమణి మంచం దగ్గరికి వచ్చి అడిగింది: "తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అమ్మా?"

రాజమణి నోరు తెరవకముందే, చూడవచ్చి పక్కన కూర్చున్న భర్త అందుకున్నాడు. "ఏం లేదు మేడం. ఉత్తగనే మతి దప్పింది."

రాజమణి నా దిక్కు చూసింది. చెప్పమనా, వద్దనా? ఇప్పటికీ తెలియదు. నేను బకెట్ పట్టుకుని బయటికి నడిచాను. రోగి వివరాలు రాసే కేస్ షీట్‌లో 'దెబ్బ లేదు' అని పడింది. ఆ కాగితాన్ని మేడం గదికి మోసింది నేనే.

రాజమణి ఇంటికి వెళ్లిన రెండు నెలలకు ఫిట్స్ వచ్చాయి. దవాఖానకు తెచ్చేసరికి ప్రాణం లేదు. అప్పుడు మేడంకు అంతా చెప్పి, స్కాన్ తీస్తే బతికేదా అని అడిగాను.

"చెప్పలేం ఆయమ్మా. తెలిసుంటే మాత్రం ఆ మనిషి వెంట పంపేవాళ్లం కాదు."

వరండాలో రాజమణి బిడ్డ ఉంది, ఎనిమిదేళ్లుంటాయి. "మా అమ్మ తల దువ్వింది నువ్వేనా? నొప్పి గాకుండ దువ్వుతవని చెప్పింది" అంది.

రాజమణికిచ్చిన మాట కాపాడుతున్నాననుకున్నాను. కాపాడింది ఆమె మొగుణ్ని.

మర్నాడు పొద్దున ఒక కొత్తామెను తెచ్చారు. ఆమె భర్త కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆదివారం కాకపోయినా దువ్వెన తీసుకుని వెళ్లాను.

"అన్నా, తల దువ్వాలె. జర బయట కూసోన్రి."

తలుపు వేసి, జడ విప్పాను. నా వేళ్లు ఒకచోట ఆగాయి. మేడంకు చెప్పనా అని ఆమెను అడిగాను. చెప్పమన్నట్టు తల ఊపింది. మేడంను పిలిచాను.

"నాకు రాయరాదు మేడం. నేను చెప్త, మీరు రాసుకోన్రి."