టేపక్క పంపిన కమ్మలు

మా షాపులో ఆవిడకొక అసలు పేరుందన్న సంగతి జీతాలు రాసే ఆయనకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ టేపక్క. నాకు మాత్రం ఉత్త అక్క, ఎందుకంటే వరసకు నా తోడికోడలు. అన్నను తను చేసుకుంది, తమ్ముణ్ణి నేను చేసుకున్నాను. పై వాటాలో వాళ్లు, కింది వాటాలో మేము. పొద్దున్నే ఒకే బస్సెక్కి ఒకే నగల షాపుకు వెళ్తాం. తను వెనక గదిలో నగలు పార్సిలు కడుతుంది, నేను ముందు గదిలో ఫోన్లు ఎత్తుతాను. ఆవిడ గుట్టుమనిషి. నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే ఈ కథ ఆవిడ కాకుండా నేను చెబుతున్నాను.

మా దగ్గర షాపుకొచ్చి కొనేవాళ్లకన్నా ఫోటోలు చూసి దూరం నుంచి తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. పాత నగలు బాగు చేయమని పంపేవాళ్లూ ఉంటారు. వాళ్లందరికీ నగ క్షేమంగా చేర్చే పని అక్కది. పెట్టె మొహం చూస్తే లోపల నగ ఉందని మూడో కంటికి తెలియకూడదన్నది ఆవిడ పట్టు. షాపు పేరు పైన ఉండదు, ఇంటి నంబరూ వీధీ మాత్రమే ఉంటాయి. మఖమల్ డబ్బాలో నగ, డబ్బా చుట్టూ మెత్తటి కాగితం, దాన్ని పెట్టడానికి ఒక చిన్న అట్టపెట్టె, చుట్టూ స్పాంజి కూరి దాన్నొక పెద్ద పెట్టెలో దించుతుంది. ఆ తర్వాత పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల ఏ కాస్త కదిలినా అంతా విప్పి మళ్లీ మొదటికొస్తుంది. చివరికి నీళ్లతో తడిపి అంటించే దారాల కాగితం టేపు. అది ఒకసారి అంటుకుందంటే చింపితే తప్ప రాదు. టేపు అతుకుల మీద అడ్డంగా తన సంతకం కూడా పెడుతుంది, ఎవడైనా మధ్యలో విప్పి మళ్లీ అతికిస్తే గీతలు కలవకుండా.

ఈ జబ్బు ఇంట్లోనూ ఉంది. ఒకసారి బావగారు పనిమీద వేరే ఊరు వెళ్తుంటే కళ్లజోడు పగలకుండా సర్దింది. ఎంత బాగా సర్దిందంటే, ఆయన అక్కడున్నన్నాళ్లూ తడుముకుంటూ తిరిగి, ఇంటికొచ్చాక తువ్వాలు మడతల్లో దాన్ని చూసుకున్నారు. "పగిలిందా?" అనడిగింది అక్క. పగల్లేదు. "మరింకేం?" అంది.

మేం పంపే ప్రతి పార్సిలుకూ బీమా ఉంటుంది. బీమా కంపెనీ వాళ్లదొక షరతు. సర్దడమంతా కెమెరా ముందు జరగాలి. నగ చూపించాలి, తూచాలి, పెట్టెలో పెట్టాలి, టేపు వేయాలి, ఈలోగా నగ గానీ పెట్టె గానీ కెమెరాకు మరుగు కాకూడదు. ఆ కెమెరా బల్ల మీద బిగించిన రోజే అక్కకు నచ్చలేదు.

"ఎలా సర్దుతున్నానో వీడియో తీసి దాచిపెడితే, ఎలా విప్పాలో దొంగకి పాఠం చెప్పినట్టు కాదూ?" అంది.

"చూసేది బీమావాళ్లే కదక్కా" అన్నాను.

"వాళ్లకి మాత్రం చుట్టాలుండరా?"



ఇంతలో ఒక పెద్దావిడ కమ్మలు బాగుకు వచ్చాయి. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి బతుకుతుంది. వాళ్ల అమ్మ పెట్టుకున్న కమ్మలట, ఒకదానికి ఎర్రరాయి ఊడిపోయింది. రాయి పొదిగించాక, తిరిగి పంపేటప్పుడు బీమాకు విలువ ఎంత వేయమంటారో అడగడానికి నేను ఫోన్ చేశాను. కత్తెర కోసం వచ్చిన అక్క పక్కనే నిలబడి ఉంది.

"ఎంత వేస్తే ఏముందమ్మా?" అందావిడ. "పోతే డబ్బిస్తారు. మా అమ్మ చెవులకున్నవి తెచ్చిస్తారా?"

నేను ఏదో ఒక అంకె వేసుకుని ఫోన్ పెట్టేశాను. అక్క మాత్రం కత్తెర సంగతి మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రోజూ తీసుకునే జాగ్రత్త ఆ కమ్మలకు చాలదని ఆవిడ నిర్ణయించేసుకుంది.

వెనక గదిలో ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. చిన్న పెట్టె అడుగుకు సరిపోయేలా ఇంకో అట్ట కోసింది. కమ్మల్ని దూదిలో చుట్టి అడుగున ఒక మూల పెట్టి, పైన ఈ రెండో అట్టను కప్పి, దానికి కూడా టేపు వేసింది. దాని మీద ఖాళీ మఖమల్ డబ్బా పెట్టింది. దారిలో దొంగ తెరిస్తే ఖాళీ డబ్బా చూసి తిట్టుకుంటూ పోవాలని ఆవిడ ఎత్తు. ఎత్తు మంచిదే. కాకపోతే మర్నాడు పార్సిలు చేరాక, నేను భోజనానికి లేచిన సమయం చూసి నా బల్ల దగ్గరికొచ్చి ఆ పెద్దావిడకు తనే ఫోన్ చేసింది. మా ఫోన్లన్నీ రికార్డవుతాయి కాబట్టి ఏమందో నేను తర్వాత విన్నాను.

"అమ్మా, పెట్టె అందిందా? పైన కనబడేదే ఉన్నదనుకోకండి. అలాగని లేదనీ అనుకోకండి. తొందరపడకుండా లోతుగా చూడండి. ఇంతకన్నా ఫోన్లో చెప్పకూడదు."

అంతే, పెట్టేసింది. షాపులో ఎవరో పనిలేనివాళ్లు ఫోన్ చేసి వేదాంతం చెప్పారని ఆవిడ అనుకుందట. నేనైనా అదే అనుకునేదాన్ని.

ఆ మర్నాడు పెద్దావిడ ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "డబ్బా ఖాళీ!" అని ఒకటే అరుపు. "నిన్న సాయంత్రం విప్పాను. ఏమీ లేదు. మా అమ్మ కమ్మలు ఎవరు కాజేశారు? బీమావాళ్లకి నిన్ననే చెప్పేశాను, వాళ్లే వచ్చి మీ సంగతి తేలుస్తారు!"  ఉండండమ్మా అని నేను నీళ్లు నములుతుండగానే పెట్టేసింది. వెనక గదికి పరిగెత్తి, అక్కకు సంగతి చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"దొరకలేదా? చూశావా! ఇల్లుగలావిడకే దొరకలేదంటే దొంగకేం దొరుకుతుంది?"

అసలు సంగతి అప్పుడు చెప్పించాను. తల బాదుకుని, ఓనరుగారి గదిలోకి ఆవిణ్ణి లాక్కెళ్లాను. మెత్తటి మనిషాయన. ఆయనే ఆ పెద్దావిడకు ఫోన్ చేసి, పెట్టె అడుగున చూడమన్నాడు.

"ఇంకా ఎక్కడి పెట్టె?" అందావిడ. "మెట్ల కింద చెత్త దగ్గర పారేశాను. చెత్తబండి వచ్చే వేళ దాకా ఆగి ఈ కథ అల్లారా?" ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మా షాపు నంబరు చూస్తే ఎత్తేలా లేదు.

అక్క మొహంలో వెలుగు అప్పుడు పోయింది.

అదే గంటలో బీమా కంపెనీ ఆయన వచ్చాడు. సన్నగా, మర్యాదగా, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. పార్సిలు వీడియో పెట్టించుకుని చూశాడు, చుట్టూ మేమందరం నిలబడ్డాం. కమ్మలు కనిపించాయి. తూకం కనిపించింది. తర్వాత తెర నిండా అక్క వీపు, దాని మీద పొడుగాటి జడ. అది చాలాసేపుంది. ఆ తర్వాత మూసేసిన పెట్టె.

"ఇక్కడేం చేశారమ్మా?" అన్నాడాయన.

"కమ్మలు అడుగున పెట్టాను."

"కనబడటం లేదు కదా."

"కనబడకూడదనే కదండీ అటు తిరిగింది!"

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు.

"చూడండమ్మా" అన్నాడాయన నెమ్మదిగా. "కమ్మలు మీ చేతిలో ఉన్నాయి. తర్వాత పెట్టె మూసుంది. మధ్యలో అవి లోపలికెళ్లినట్టు ఈ వీడియోలో లేదు. దీని మీద మేమేం ఇవ్వలేం. ఆవిడ ఫిర్యాదు ఏమో, ఇక్కడ పనిచేసేవాళ్ల మీద."

దొంగ అన్న మాట ఆయన అనలేదు. అనాల్సిన పనీ లేదు. ఓనరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. షాపు తెరిచిన నాటి నుంచీ ప్రతి నగా అక్క చేతుల మీదుగానే వెళ్లింది, అయినా ఆ నిమిషాన ఆయన ఆవిడ వైపు చూడలేకపోయాడు. అక్క తన చేతిసంచి తెచ్చి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, బస్సు పాసు, తలనొప్పి మాత్రలు, మడత పెట్టిన రుమాలు, ఇంటి తాళంచెవి. ఒక్కొక్కటే పక్కకు జరిపి చూపించింది. ఎవరూ అడగలేదు. 

"తియ్యక్కా ఇవన్నీ!" అని అరిచాను. "మీరంతా నిలబడి చూస్తున్నారేంటి? అక్కడ చెత్తబండి వచ్చేస్తుంటే?"

కోపంలో నాకు అప్పుడప్పుడు బుర్ర పనిచేస్తుంది. నా సొంత ఫోన్ తీశాను. కొత్త నంబరు కాబట్టి పెద్దావిడ ఎత్తింది. అందరికీ వినబడేలా పెట్టాను. నేను నోరు తెరిచేలోపే అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నన్ను దొంగ అనండి. ఎన్నైనా అనండి, తర్వాత అనండి. ముందు మెట్ల కిందికి దిగండి. మీ అమ్మ కమ్మలు చిన్న పెట్టెలోనే ఉన్నాయి. అడుగున అట్ట కింద, ఎడమ మూల, దూదిలో. చెత్తబండి వస్తే ఇంక దొరకవు. దిగండమ్మా, మీకు దండం పెడతాను."

ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో కూడా చెవిలో చెప్పే మనిషి, ఓనరు, బీమా ఆయన, జీతాలు రాసే ఆయన, గుమ్మం దగ్గర కాపలా ఆయన, ఇంతమంది ముందు దాచిన చోటు అరిచి చెప్పింది.  అవతల మెట్ల మీద చెప్పుల చప్పుడు. తర్వాత పెద్దావిడ గొంతు.

"పెట్టె ఉందమ్మా. పెద్దదీ చిన్నదీ రెండూ ఉన్నాయి. కానీ తియ్యలేను."

"ఎందుకూ?"

"పిల్లి ఈనింది ఇందులో. చిన్న పెట్టెలో పిల్లలున్నాయి. నా మీదికి వస్తోంది!"

మెత్తటి స్పాంజి, గట్టి గోడలు, ఎటూ కదలని పెట్టె. అక్క సర్దడంలోని గొప్పతనం కనిపెట్టిన మొదటి కస్టమరు ఆ పిల్లే అనుకుంటాను. చెత్తబండి అప్పటికే వచ్చిపోయినా, పిల్లల్ని చూసి జాలిపడి, మెట్లు ఊడ్చే ఆమె ఆ పెట్టెను దానికి ఇవ్వకుండా వదిలేసిందట. బీమా ఆయన కలం పట్టుకుని ఒక క్షణం ఆలోచించాడు. వాళ్ల షరతుల్లో పిల్లి ప్రసక్తి ఎక్కడా లేదని నా ఊహ.

"భయపడకండి" అంది అక్క. "ఒక్కో పిల్లనీ తీసి తల్లి చూస్తుండగానే పక్కన గుడ్డ మీద పెట్టండి. దాని దగ్గర ఏదీ దాచకండి, అప్పుడు ఏమీ అనదు."

పిల్లి గురించి చెప్పినంత సూటిగా నిన్న కమ్మల గురించి చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. ఈ మాట పైకి అనకుండా మింగేశాను. అవతల పిల్లిపిల్లల అరుపులు, పెద్దావిడ బుజ్జగింపులు, తర్వాత గోళ్లతో గీకుతున్న చప్పుడు.

"ఈ టేపు రావడం లేదే!"

"రాదు" అంది అక్క. అంత కంగారులోనూ ఆ ఒక్క మాటా గర్వంగానే అంది. "తాళంచెవితో పొడిచి చింపండి."

చిరిగిన చప్పుడైంది.  బీమా ఆయన కూడా ముందుకు వంగి వింటున్నాడు.

"అమ్మా?" అంది అక్క. "ఉన్నాయా? రెండూ ఉన్నాయా? రాయి గట్టిగా ఉందా?"

ముందు ఏడుపు వినబడింది. అందులోంచే మెల్లగా మాటలొచ్చాయి.

"ఉన్నాయి తల్లీ. పెట్టుకున్నాను. ఇక్కడే, మెట్ల మీద కూర్చుని పెట్టుకున్నాను. నిన్ను అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకమ్మా."

అక్క ఫోన్ నా వైపు చాచింది. నేనే ఫోన్ తీసుకుని రెండు మంచి మాటలు చెప్పి పెట్టేశాను. బీమా ఆయన సంచి సర్దుకుంటూ, "ఇకమీద కెమెరా వైపు తిరిగి సర్దండమ్మా" అన్నాడు. ఓనరుగారు అందరికీ టీ తెప్పించాడు. ఆయనకు క్షమాపణ చెప్పడం అలాగే వచ్చు. అక్క గ్లాసు తనే స్వయంగా అందించాడు.

గది ఖాళీ అయ్యాక, బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న ఆవిడ వస్తువులు ఏరి సంచిలో వేశాను. అక్క స్టూలు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. దొంగతనం అంటగట్టినందుకు ఏడుస్తోందనుకున్నాను.

"పోనీలే అక్కా, తేలిపోయింది కదా" అన్నాను.

"దాని గురించి కాదే" అంది. "ఎన్నేళ్లుగా పంపుతున్నాను! పోయింది, విరిగింది, ఆలస్యమైంది అనే కబుర్లే నాదాకా వస్తాయి. బాగా చేరితే ఎవరూ చెప్పరు కదా. పెట్టుకున్నానని ఒక మనిషి నాతో చెప్పడం ఇదే మొదలు."

ఆ మాట నిజం. క్షేమంగా చేరిన నగ గురించి షాపుకు ఫోన్ రాదు, ఆ ఫోన్లు ఎత్తేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు. టీ చల్లారిపోతోందని చెప్పి ఆవిడ పక్కన కూర్చున్నాను. "మెట్ల మీదే పెట్టేసుకుందట, అద్దం కూడా లేకుండా" అంది అక్క, టీ తాగుతూ.