చైన్ల మీద ఎర్రబస్సు

మా అత్తమ్మ పోయి ఇంకా నెల కాలేదు. ఆ రోజు పొద్దున చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "ఇయ్యాల పానం జర మంచిగ లేదు పిల్లా, దుకాణంల నువ్వే కూసో" అని మంచం మీద ఒరిగింది. నేను వెళ్లి షట్టర్ ఎత్తి అగరుబత్తి వెలిగిస్తుండగానే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నాందేడ్ బజారులో మాది టైలర్ల సామాను అమ్మే దుకాణం. జిప్పులు, గుండీలు, అస్తరు, దారాలు. కబురు తెలిసి టైలర్లంతా వచ్చారు. కొందరి మెడలో టేపు అలాగే వేలాడుతోంది. వాళ్లలో ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, "ఆఖరి బండి పూర అయిందా బేటీ?" అని అడిగాడు. "లేదు చాచా, ఒక దిక్కు చైను మిగిలింది" అన్నాను. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ బండి సంగతి మీకు చెప్పాలి. మా అత్తమ్మ ట్యాంకులు చేసేది. మిలిటరీ ట్యాంకులే, కాకపోతే అరచేతిలో పట్టేవి. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో ఫోన్‌లో ఏవో గిన్నెలు చూస్తుంటే పక్క నుంచి తొంగి చూసి, "గది ఆపు, గది ఆపు" అన్నది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి ట్యాంకు చేసుకునే డబ్బా అది. "మనుమనికా అత్తమ్మా?" అన్నాను. "నీకింకా పిల్లలే లేరు, మనుమడు యాడికెళ్లి అస్తడు? నాకే" అన్నది.

డబ్బా రాగానే ఆమె చేసిన మొదటి పని గుండ్లు పేల్చే తోపు గొట్టం తీసి పక్కన పడేయడం. "తోపు లేని ట్యాంకేం ట్యాంకు?" అని మామయ్య నవ్వారు. "కొట్టెటోళ్లు శానమంది ఉన్నరు. ఎక్కించుకపోయెటోళ్లే లేరు" అన్నది. తర్వాత్తర్వాత డబ్బాలో వచ్చిన ముక్కలు సగం మూలన పడేవి, దుకాణం సామాను బండెక్కేది. చక్రాలకు కోటు గుండీలు. సీట్లకు జాకెట్ భుజాల్లో పెట్టే ఫోము. కిటికీ అద్దాలకు కొత్త చొక్కా కాలర్ కింద వచ్చే ప్లాస్టిక్. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే పట్టీ ఉంటుంది కదా, చైను అంటారు, దానికి పెద్ద పళ్ల జిప్పు. మూసిన జిప్పును కొలిచి, కోసి, కొసలు కలిపి కుట్టేది. "గిరాకి అడిగితే జిప్పు ఖతమైంది అంటది, ఇంట్ల సూస్తే ట్యాంకులకు తొడిగిస్తది. పిచ్చి ముదిరింది, ఇగ రోకలి తలకు సుట్టుమంటది" అని మామయ్య రోజూ అదే పాట. పార్సిల్‌లో కొత్త రకం జిప్పు వస్తే మొదటిది తీసుకెళ్లి ఆమె ముందు పెట్టేది కూడా ఆయనే.

ఇలాంటి బొమ్మ బండ్లు చేసేవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్‌లో కనపడితే నేనే ఆమెను చేర్పించాను. పుణె నుంచి ఒకాయన ఫోటో చూసి, ఇది ఏ దేశపు ఫౌజు బండి, ఎక్కడా చూడలేదే అని అడిగాడు. అత్తమ్మ మరాఠీలో వాయిస్ పంపింది. "కుఠల్యాచ్ నాహీ దాదా. అసతీ తర్ కశీ అసతీ, తే బఘతేయ్." ఏ ఫౌజుదీ కాదు, ఉండి ఉంటే ఎట్లా ఉండేదో చూస్తున్నానని. లేని బండ్లను ఊహించి చేయడం కూడా ఒక పద్ధతేనని, దానికి 'వాట్ ఇఫ్' అని పేరుందని ఆయన చెప్పాడు. ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు. దుకాణానికి వచ్చిన ప్రతి టైలర్‌తోనూ, "నా పిచ్చికి పేరు గూడ ఉన్నదట" అని చెప్పింది.

మా ఇద్దరికీ గొడవ వచ్చింది ఒక్క పరాతు దగ్గరే. పెళ్లప్పుడు పిండి కలుపుకోవడానికి మా అమ్మ పెట్టిన, అంచులున్న పెద్ద స్టీలు పళ్లెం అది. ఒకరోజు వంటింట్లో లేదు. వెతుక్కుంటూ పోతే వరండాలో ఉంది, నిండా నల్లటి బురద, బురదలో బండి. ఆమె పుట్టిన ఊరు ఉమ్రి స్టేషన్ అవతల. అక్కడి నల్లరేగడి మట్టిని డబ్బాలో తెప్పించి, తడిపి పరాతులో పోసి, చేసిన ప్రతి బండినీ ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిపించి చూసేది. నడుమ దిగబడితే ఫేలు. అన్నీ ఫేలే. "అది మా అమ్మ పెట్టింది అత్తమ్మా" అన్నాను కోపంగా. "అందుకే తీసిన. మీ అమ్మది పెద్ద చెయ్యి. చిన్న పరాతుల మా ఊరు పట్టది" అన్నది. కొన్నాళ్లు మూతి ముడుచుకుని తిరిగాను. చివరికి నేనే బజారుకు పోయి ఇంకో పరాతు తెచ్చుకున్నాను.

ఆ మట్టి కథ ఒక మధ్యాహ్నం జిప్పు పళ్లలో ఇరుక్కున్న బురదను పాత బ్రష్షుతో తోముతూ చెప్పింది. చాలా ఏళ్ల కింద ఒక వానాకాలంలో తల్లికి బాగాలేదని కబురొస్తే ఆమె, మామయ్య రైల్లో ఉమ్రిలో దిగి ట్రాక్టర్ మాట్లాడుకుని బయల్దేరారట. ఊరి ఇళ్లు కనపడుతుండగా చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి. నడిచిపోదామని ఈమె అంటే, వాన ఆగేట్టు లేదు, వెనక్కి పోయి రేపు వద్దామని మామయ్య అన్నారు. మర్నాడు వెళ్లేసరికి తల్లి లేదు. దినాలు చేసుకుని తిరిగి వస్తుంటే ముద్ఖేడ్‌లో వీళ్ల రైలు పక్కనే ఒక గూడ్సు ఆగి ఉంది, దాని మీద వరసగా ట్యాంకులు. కిటికీలోంచి ఒక జవానును అడిగిందట, ఇవి బురదలో దిగబడవా అని. "కీచడ్ కే లియే హీ బనీ హై, బెహన్‌జీ" అన్నాడట. బురద కోసమే చేసిన బండ్లని. "గా మాట నన్ను ఇడువలే పిల్లా" అన్నది.

"మామయ్య మీద కోపం రాలేదా?" అని అడిగాను.

"ఆయన తప్పేమున్నది? నేల మెత్తగ ఉండె."

ఆ ప్రయాణం మాట మామయ్య మాత్రం నా ముందు ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడు ఆ ఊరికి డాంబరు రోడ్డు పడింది, ఎర్రబస్సు ఊరి నడుమదాకా పోతుంది. ఇంకా ఈ బండి ఎందుకని అడిగితే, "ఇప్పటికి గాదు, అప్పటికి" అన్నది.

ఆఖరి బండి ఆ ఎర్రబస్సే. కింద ట్యాంకు చక్రాలు, పైన బస్సు. ముందు మరాఠీలో బోర్డు, ఉమ్రి నుంచి తన ఊరికి. లోపల మనిషిని పడుకోబెట్టేంత పొడుగు సీటు ఒకటి. "ఎన్నేండ్లు నాందేడ్‌ల ఉన్నా మీ అత్త ఎర్రబస్సు దిగినట్టే ఉంటది" అని మామయ్య ఆటపట్టించారు. చైన్ల బండికి ఎరుపేంటి, శత్రువుకు దూరం నుంచే కనపడదా అని పుణె ఆయన మొత్తుకున్నాడు. "ఎదురు సూసెటోళ్లకు దూరంకెళ్లే కనవడాలె గదా" అని అత్తమ్మ జవాబు. ఈసారి ఒక్కో పక్కకు రెండేసి జిప్పులు కలిపి కుట్టి చైను వెడల్పు చేసింది, వెడల్పుంటే దిగబడదని. ఎడమ పక్క తొడిగింది. ఇక అయిపోయినట్టే కదా అన్నాను. "ఇల్లలకంగనే పండుగైతదా? పరాతు దాటాలె" అన్నది. ఆ తర్వాత మూడు పొద్దులు కూడా గడవలేదు.

దినాలైపోయి చుట్టాలంతా వెళ్లాక మామయ్య మళ్లీ దుకాణం తెరిచారు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు జేబులోంచి రెండు నల్ల జిప్పులు తీశారు. అన్నం వద్దని వరండాలో ఆమె చోట కూర్చున్నారు. ఎడమ చైనుకు ఆనించి కొలిచి కోశారు. జన్మంతా దారం అమ్మిన మనిషి, సూదిలోకి ఎక్కించడం చేతకాక నా వైపు చాపారు. ఎక్కించి ఇచ్చాను. కుట్టు వంకరగా వచ్చింది, అయినా చైను చక్రాలకు పట్టింది.

"మట్టి ఉన్నదా?" అన్నారు.

పాత పరాతులో నేనే తడిపి పెట్టాను. ఆయన రెండు వేళ్లతో బస్సును నడిపించారు. గుండీలు తిరిగాయి, జిప్పులు బురదను పట్టుకుంటూ కదిలాయి. సరిగ్గా నడుమకు వచ్చి బస్సు ఆగింది. ఆయన చెయ్యి కూడా ఆగింది.

"ఎనకకు తీస్తరా మామయ్యా?" అని అనాలోచితంగా అన్నాను.

"వద్దు" అన్నారు. "అప్పుడు ఎనకకు పోదామన్నది నేనే."

వేళ్లు మళ్లీ కదిలాయి. బస్సు ముక్కు కొంచెం లేచింది, చైన్లు జారి, మళ్లీ పట్టి, బురదలోంచి మెల్లగా బయటికి వచ్చింది. అవతలి అంచుకు తగిలి టంగుమంది. నేను అక్కడ ఉన్నానని ఆయన మరిచిపోయినట్టున్నారు. బస్సు మీద చెయ్యి పెట్టి, "చేరినమే" అన్నారు.

ఆ మట్టి ఇప్పుడు ఎండి, ఊళ్లో రేగడిలాగే నెర్రెలిచ్చింది. దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా జిప్పు పళ్ల అచ్చులు రెండు వరసలు. మొన్న మా అమ్మ వచ్చి, తను పెట్టిన పరాతు మట్టితో అలా వరండాలో పడి ఉండటం చూసి కడగబోయింది. నేను కడగనివ్వలేదు.