గాలి లేని వాన

వీరలక్ష్మి ఏటా వానాకాలం మొదట్లో రెండు పాత నేత చీరలను తడిపి, పేని, కొసకు కొస ముడివేసేది. ఆ తాడును అపార్ట్‌మెంటు మెట్ల పక్క ఇనుప కడ్డీకి కట్టి ఉంచేది. ఇంట్లో అటుకుల డబ్బా, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టె, మూతపెట్టిన మంచినీళ్ల బిందె సిద్ధంగా ఉండేవి.

మదీనాగూడలో, హైవే వెనుక సందులో, ఇవి చూసి అందరూ నవ్వేవారు. వాచ్‌మన్ కొమురయ్య భార్య నర్సమ్మ మొహం మీదే నవ్వేది. ఆమె నారాయణఖేడ్ వైపు మేకలు కాసి పెరిగిన మనిషి. ఇప్పుడు సెల్లార్‌లో, మూలగదిలో మొగుడితో, చంటిపాపతో కాపురం.

"సముద్రం ఏడున్నదమ్మా ఈడ? సారును కట్టేసేటందుకు గిట్ల పేనుతున్నవా?"

"నన్నెప్పుడో కట్టేసింది నర్సమ్మా," అన్నాడు భీమేశ్వరరావు, పేపరు దించకుండా. ఆయన వీరలక్ష్మి భర్త, రిటైరయిన ప్రభుత్వోద్యోగి.

వీరలక్ష్మి కూడా నవ్వేది. తాడు మాత్రం విప్పేది కాదు.

దివిసీమ ఉప్పెననాటికి ఆమె చిన్నపిల్ల. తండ్రి ఆమెను అమ్మ చీరతో తాటిచెట్టుకు కట్టాడు. దూడ మెడకు వేసే ముడి వేశాడు. దూడ ఎంత గుంజుకున్నా ఆ ముడి ఊడదు, బిగుసుకోదు. కట్టాక చీరకూ ఆమె ఛాతీకీ మధ్య వేలు దూర్చి చూశాడు. వేలు పట్టింది. అప్పుడే తాను పట్టుకోవాల్సిన చెట్టు దగ్గరికి వెళ్లాడు.

ఆ రోజు ముందు గాలి వచ్చింది. చాలాసేపు గాలే. నీళ్లు తర్వాత వచ్చాయి. ఆ వరుస ఆమె ఒంట్లో అలాగే ఉండిపోయింది.

అందుకే మొన్నటి ఆగస్టు మధ్యాహ్నం, ఉదయం నుంచీ వాన పడుతూనే ఉన్నా, ఆమె బాల్కనీలోంచి ఎదుటి మేడకు కట్టిన ఫ్లెక్సీని చూసింది. చెరువు కనబడే ఫ్లాట్ల ప్రకటన అది. అంచు కూడా కదలడం లేదు. వాన నిట్టనిలువుగా పడుతోంది.

కింద సెల్లార్ ర్యాంపు మొదట్లో నర్సమ్మ తలమీద గోనెసంచితో నిలబడి ఉంది.

"అమ్మా, నాలా నిండిందంటున్నరు. కొమురయ్య దవాఖానకు మందులకు పోయిండు. పొల్లను తీస్కొని మీదికి రావాల్నా?"

"గాలి లేదుగా నర్సమ్మా. పాపకసలే జ్వరం, తడుస్తుంది. పడుకోబెట్టు."

నర్సమ్మ తల ఊపి సెల్లార్‌లోకి దిగింది. సముద్రం చూసిన మనిషి చెప్పింది కదా.

వీరలక్ష్మి టీ పెట్టి మళ్లీ బాల్కనీలోకి వచ్చేసరికి సందు లేదు. రోడ్డు లేదు. గోడ నుంచి గోడ దాకా గోధుమరంగు నీళ్లు. అలలు లేవు, నురగ లేదు. పరుగెత్తడం లేదు, నడిచి వస్తున్నాయి. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టు కనిపించి, ర్యాంపు మీదుగా దిగాయి. చప్పుడు అప్పుడు మొదలైంది.

ఆమె నీళ్లంటే తనకు తెలుసనుకుంది. ఈ నీళ్లను ఎన్నడూ చూడలేదు.

"ఏవండీ! మెయిన్ ఆపండి! జనరేటర్ కూడా! ఆపాకే కిందకి రండి!"

సెల్లార్‌కు దిగే మెట్లు సగం మునిగిపోయాయి. స్కూటర్లు తేలుతూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మూలగది గుమ్మంలో, లోపలి మంచాన్ని అడ్డంగా లాక్కుని, దాని మీద నర్సమ్మ నిలబడి ఉంది. పాప భుజం మీద ఉంది. ఆమెకూ మెట్లకూ మధ్య ర్యాంపు నుంచి దూకే ప్రవాహం.

వీరలక్ష్మి తాడు కొసకు చెంబు కట్టి విసిరింది. నీళ్లు లాగేశాయి. మళ్లీ విసిరింది. చెంబు గోడకు తగిలి నర్సమ్మ కాళ్ల దగ్గర పడింది.

"పాపను నీతో కలిపి కట్టుకో! ఉచ్చు వెయ్యకు, బిగుసుకుంటుంది! మేకపిల్లకు వేసే ముడి!"

"ఎరికే!"

ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో, పళ్లతో నర్సమ్మ ముడి వేస్తోంది. కొస చుట్టూ తిరిగింది, లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. ఆనాడు వీరలక్ష్మి తండ్రి చేతులూ అలాగే కదిలాయి. ఈ మనిషి సముద్రమే చూడలేదు.

"గుంజుండ్రి!"

మెయిన్ ఆపి వచ్చిన భీమేశ్వరరావు కూడా తాడందుకున్నాడు. భార్యాభర్తలిద్దరూ గుంజారు. నర్సమ్మ ప్రవాహంలో దిగింది, ఒరిగింది, మెడదాకా మునిగింది. పాప తల మాత్రం నీళ్లపైనే ఉంది. పేనిన చీర కీచుమంది, తెగలేదు. భీమేశ్వరరావు చెయ్యందించాడు.

మెట్ల మీద కూలబడ్డాక పాప గుక్కపట్టి ఏడ్చింది. వీరలక్ష్మి వేలును చీరకూ పాప వీపుకూ మధ్య దూర్చి చూసింది. వేలు పట్టింది.

"గాలి లేదంటివి గదమ్మా," అంది నర్సమ్మ. గొంతులో కోపం లేదు.

"ఈ నీళ్లు నాకు తెలియవే. నువ్వడిగావు, నేను వద్దన్నాను."

నర్సమ్మ నడుం దగ్గరి ముడి మీద చెయ్యి వేసింది.

"ఇప్పాల్నా?"

"ఉండనీ. పైకి వెళ్దాం."

కడ్డీకి కట్టిన కొస విప్పి, ముగ్గురూ ఒకే చీర పట్టుకుని మెట్లెక్కారు. పాప ఏడుపు తగ్గింది. మెట్ల పక్క కిటికీలోంచి ఎదుటి మేడ కనిపించింది. ఫ్లెక్సీ ఇంకా కదలడం లేదు.