వేలి కొసన రెండు మొనలు

పోయిన నెల నంద్యాలలో కాళ్లు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చక్కెర జబ్బు ముదిరినకొద్దీ పాదాల్లో స్పర్శ తగ్గుతుందట, ఏడాదికోసారి చూపించుకోవాలట. ఆ డాక్టరమ్మాయి శ్రుతిదండాన్ని, అదే ట్యూనింగ్ ఫోర్కును, తన అరచేతి మీద కొట్టి, అది మోగుతుండగానే కాడను నా కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి, "కళ్లు మూసుకోండి తాతగారూ. అదురు తెలుస్తోందా?" అంది. "తెలుస్తోందమ్మా" అన్నాను. కాసేపాగి "ఇప్పుడో?" అంది. "ఇప్పుడూ తెలుస్తోంది." కళ్లు తెరిచి చూస్తే శ్రుతిదండం నా కాలి మీద లేదు. నాలుగు వేళ్ల ఎడంగా గాలిలో సన్నగా మోగుతోంది.

నేను అబద్ధం చెప్పలేదు. మోత చెవికి అందింది, దాన్ని మెదడు కాలికి అంటగట్టింది, కాలు అదిరినట్టే నాకు తోచింది. నేను జీవశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుణ్ణి. ఈ మాయను ముప్పై ఏళ్లకు పైగా నల్లబల్ల మీద బొమ్మలు గీసి మరీ చెప్పాను. చర్మం వార్త పంపుతుంది, నాడి మోస్తుంది, వెన్నుపాము మీదుగా అది మెదడుకు చేరుతుంది. చేరిన వార్త చాలకపోతే మిగిలినది మెదడు తనకు తెలిసినదానితో నింపుకుంటుంది. పరీక్షలో ఇది నాలుగు మార్కుల ప్రశ్న. దీన్ని నాకు నిజంగా నేర్పినవాడు ఆళ్లగడ్డ శిల్పి నాగలింగాచారి. నేర్పినందుకు ఆయనకు నేనేం చేశానో కూడా రాయాలి. ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను.

నా మొదటి ఉద్యోగం ఆళ్లగడ్డలో. కడప పోయే రోడ్డు పక్కన ఆచారి విగ్రహాలు చెక్కే కొట్టం, దాని వెనకనే నేను అద్దెకున్న గది. పొద్దున్నే ఉలి చప్పుడుతో లేచేవాణ్ణి. చాప మీద, కూజా మూత మీద, చివరికి డైరీ పేజీల మధ్య కూడా రాతిపొడి ఉండేది. డైరీ రాయడం చదువుకునే రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఎవరు కలిశారు, ఏమన్నారు, నేనేం చూశాను, అన్నీ ఏ రోజుకారోజు రాసుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు, ఆచారికి నలభై దాటాయి. మనిషీ పొట్టి, మాటా పొట్టి. చేరిన వారంలోనే ఒక సాయంత్రం నన్ను పిలిచి, నల్లరాతి అమ్మవారి ముఖం ముందు నిలబెట్టాడు.

"సారూ, ఈ తల్లి చెంపలో ఎత్తు యాడుండాదో చెప్పు."

ఎంతసేపు చూసినా నాకేమీ కనిపించలేదు. "అంతా సమంగానే ఉందన్నా" అన్నాను.

"కండ్లతో చూస్తాండావు గదా, నీకట్లే ఉంటాది. మూసుకోప్పా." నా చూపుడువేలు పట్టుకుని రాతి మీద నడిపించాడు. "ఈడ. తగిలెనా?"

"లేదన్నా."

"సుద్దముక్క పట్టే వేలు. దానికేం తెలుస్తాది పాపం" అని నవ్వాడు. తన తలలోంచి ఒక వెంట్రుక పీకి నున్నటి పలక మీద పెట్టి, పైన కాగితం పరిచాడు. "దీన్ని పట్టుకున్నాంక రా, మాట్లాడుకుందాం."

దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ప్రతి సాయంత్రం బడి నుంచి వచ్చి కొట్టంలో కూర్చునేవాణ్ణి. కాగితం మీద వేలు జరుపుతూ, ఉందనుకున్నచోట ఆపితే ఆయన కాగితం ఎత్తి చూపించేవాడు. వెంట్రుక ఇంకెక్కడో ఉండేది. చివరికి ఒక రోజు వేలి కింద సన్నని గీత లేచినట్టయింది. చర్మం మారలేదు, వేలు మారలేదు. మెదడు ఆ వేలి మాట వినడం మొదలుపెట్టింది, అంతే. పుస్తకాల్లో చదివిన వాక్యం నా ఒంట్లోకి దిగింది ఆ రోజునే.

ఆ తర్వాత నా వంతు వచ్చింది. జామెట్రీ పెట్టెలోని డివైడర్ తెచ్చాను. రెండు మొనలనూ దగ్గర చేసి ఒకేసారి చర్మానికి ఆనిస్తే, ఎంత ఎడం వరకు అవి రెండని తెలుస్తాయి, ఎక్కడ ఒకటిగా కలిసిపోతాయి అని చూసే పరీక్ష అది. నా వేలి కొస మీద ఒకటిగా తోచే ఎడం ఆచారి వేలి మీద స్పష్టంగా రెండుగా తోచింది. ఎన్నిసార్లు మార్చి మార్చి పెట్టినా తప్పలేదు. నేను ఉత్సాహంగా నాడుల సంగతీ, మెదడు సంగతీ వివరించాను.

"అయితే రాయిని తడిమేది వేలు గాదు, పుర్రెలో ఉండేదంటావ్" అన్నాడు.

"అవునన్నా."

"మరి నొప్పి వేలికే వస్తాండాదే? పేరు దానిదీ, నొప్పి దీనిదా? మేస్త్రీ, కూలోళ్ల మాదిరే ఉండాదే యవ్వారం!"

ఆ వేలు నాదే అన్నట్టు బడిలో గొప్పలు చెప్పుకున్నాను. ఏటా నాడీవ్యవస్థ పాఠం ఆచారి వేలితోనే మొదలుపెట్టేవాణ్ణి.

ఆయన కొట్టంలో ఒక పద్ధతి ఉండేది. విగ్రహం పూర్తయ్యాక, దాన్ని చేయించుకున్న ఊరివాళ్లు వచ్చి కూర్చునేవారు. ఆచారి స్నానం చేసి వచ్చి, కళ్లు మూసుకుని, పాదాల నుంచి కిరీటం దాకా విగ్రహాన్ని వేళ్లతో తడిమి, "చెయ్యి ఒప్పుకునింది" అనేవాడు. ఆ మాట విన్నాకే వాళ్లు ముహూర్తం పెట్టుకునేవారు. ప్రతిష్ఠ రోజున గుడిలో చివరి ఉలిదెబ్బతో విగ్రహానికి కన్ను తెరిచేది కూడా ఆయనే. చెక్కడం చాలామందికి వచ్చు, కన్ను తెరవడానికి మాత్రం మనిషిని చూసి పిలుస్తారు. ఆచారికి ఆ పిలుపే బతుకు. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని గుళ్లలో కళ్లు తెరిచాడో వేళ్ల మీద చెప్పేవాడు, వేళ్లు చాలక మళ్లీ మొదటికి వచ్చేవాడు.

నేను చేరిన నాలుగో ఏడు కొట్టంలోకి కోత మిషను వచ్చింది. "నెల పని వారంలో అయిపోతాండాది సారూ" అని మురిసిపోయాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది ఆయన రెండు చేతుల్లో అదురుతూనే ఉండేది. నా గది కిటికీ ఊచలు కూడా అదిరేవి. ఆ తర్వాతి రెండేళ్ల డైరీలు ఇప్పుడు నా ముందున్నాయి. చలికాలంలో ఒక పొద్దున ఆచారి వేళ్లు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయని రాశాను. చొక్కా గుండీ పెట్టుకోలేక భార్యను పిలిచాడని ఇంకో రోజు రాశాను. పొగలు కక్కే టీ గ్లాసును అడుగున పట్టుకుని తీరిగ్గా మాట్లాడాడని మరో రోజు. ఒకచోట ఇలా ఉంది: "ఈ రోజు విగ్రహాన్ని తడుముతుంటే ఆచారి కళ్లు తెరిచే ఉన్నాయి." ఎంత గుండ్రని దస్తూరీ! ఒక్క కొట్టివేత లేదు. ఈ నాలుగు వాక్యాలనూ ఒకచోట చేర్చి చూడాలని మాత్రం నాకు తోచలేదు. నాడి మోసినట్టు మోశాను. అర్థం చేసుకోవలసింది నా బుర్ర, అది ఆ పని చేయలేదు.

ఒక ఆంజనేయ విగ్రహం కోసం బండి ఆత్మకూరు వైపు నుంచి ఐదుగురు పెద్దమనుషులు వచ్చారు. ఆదివారం కావడంతో నేనూ కొట్టంలోనే ఉన్నాను. ఆచారి విగ్రహాన్ని తడిమి "చెయ్యి ఒప్పుకునింది" అన్నాడు. తల కొంచెం వంచి ఉండడంతో రెప్పలు మూసినట్టే కనిపించాయి వాళ్లకు. నాకు తెరిచి ఉన్నట్టు కనిపించాయి. చూశాను, ఊరుకున్నాను. అంతలో వాళ్లలో ఒక అంగడాయన మిషను వైపు చూసి, "అంతా ఇదే కోస్తాంటే ఇంక ఆచారి గొప్పేముందిలే" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. "ఆయన వేలి సంగతి మీకు తెలియదు. చూపిస్తా ఉండండి" అని గదిలోకి పరుగెత్తి డివైడర్ తెచ్చాను.

"ఇప్పుడెందుకులే సారూ. వాళ్లు తొందరగా పోవల్ల" అన్నాడు ఆచారి.

"ఒక్క నిమిషమన్నా."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు కూడా డైరీలో ఉంది. "ఆచారి సిగ్గుపడ్డాడు" అని రాసుకున్నాను.

ఆయన కండువాతోనే ఆయన కళ్లకు గంతలు కట్టి, చూపుడువేలి మీద రెండు మొనలూ ఆనించాను. "ఎన్నన్నా?"

"ఒకటి."

ఎడం పెంచాను. "ఇప్పుడు?"

"ఒకటే."

గోరంత వెడల్పు చేశాను. అప్పుడూ ఒకటే. ఒక్క మొన పెడితే రెండన్నాడు. మొనలు పూర్తిగా పైకి ఎత్తేశాను. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ తెలియదు. ప్రయోగం మధ్యలో వదలకూడదన్న అలవాటు కావచ్చు. "ఇప్పుడు?" అన్నాను.

"రెండు" అన్నాడు ఆచారి, గట్టిగా, నమ్మకంగా.

"ఏందీ, ఏమీ పెట్టకనే రెండంటాండాడు!" అన్నాడు అంగడాయన. ఎవరూ నవ్వలేదు. వాళ్లలో పెద్దవాడు లేచి దగ్గరకు వచ్చి, "చెయ్యి చచ్చిందా ఆచారీ?" అని అడిగాడు. మెల్లగానే అడిగాడు. ఆచారి కండువా విప్పి, దులిపి, మడిచి భుజాన వేసుకున్నాడు. వాళ్లు బయటికి వెళ్లి రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకుని వచ్చారు. "విగ్రహం తీసకపోతాం. కన్ను తెరిచేదానికి ఇంకొకర్ని చూసుకుంటాం. ఏమీ అనుకోవద్దప్పా. చెయ్యి చచ్చినోడు కన్ను తెరిస్తే ఊరికి అరిష్టమంటారు. ఊరందరి సంగతి" అన్నాడు ఆ పెద్దాయన.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లి ఏదేదో చెప్పాను. ఇది మిషను అదురు వల్ల వచ్చిందనీ, వేళ్లలోని సన్నని నాడులు దెబ్బతిన్నాయనీ, కర్నూలులో డాక్టరుకు చూపిద్దామనీ అన్నాను. చేతికి ఏమీ తెలియకపోయినా కళ్లు చూసినదాన్ని పట్టుకుని మెదడు చేతికి తగిలినట్టే అనిపింపజేస్తుందనీ, అందుకే ఇన్నాళ్లూ పని జరిగిందనీ కూడా వివరించాను. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకేం చేతనవును!

అంతా విన్నాడు. "నాకు తెలిసి రెండేండ్లాయ సారూ" అన్నాడు.

"మరి నాతో ఒక్క మాటైనా అనలేదేమన్నా?"

"దినామూ ఈడనే కూచోనుంటివి. అంతా చూస్తాంటివి. ఏం రాసుకుంటాంటివప్పా మరి, ఆ పుస్తకంలో?"

ఆయనే మళ్లీ అన్నాడు: "నువ్వు అడిగింది తప్పు గాదు. పదిమందిలో అడిగితివి చూడు. అదీ."

మాట బస్సుల వెంట ఊరూరికీ పోయింది. ఆ తర్వాత ఏ గుడివాళ్లూ ఆచారిని కన్ను తెరవడానికి పిలవలేదు. రెండేళ్లకు కొట్టం మూసేసి, వేరేవాళ్ల కొట్టంలో మిషను పనికి చేరాడు. వేళ్లను తినేసిన మిషనే చివరికి ఆయన చేతిలో మిగిలింది. నాకు నంద్యాల బదిలీ అయింది.

కొన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన్ను చూడటానికి వెళ్లాను. పనివాళ్లంతా అన్నాలకు పోయారు. ఆచారి ఒక్కడే లోపల, నిలువెత్తు విగ్రహం ముందు వంగి, దాని చెంపకు పెదవులు ఆనించి ఉన్నాడు. మొక్కుతున్నాడనుకుని గడప దగ్గరే ఆగాను. పెదవులు మెల్లగా కణత దాకా జరిగాయి. ఆగాయి. సానరాయితో అక్కడ రెండు సార్లు రుద్ది, మళ్లీ పెదవులు ఆనించాడు. అప్పుడు తెలిసింది. మెదడులో వేళ్లకున్నంత చోటు పెదవులకూ ఉంటుంది. మిషను అదురు వాటిని తాకలేదు. ఒంట్లో ఏ భాగానికి మెదడులో ఎంత చోటుందో చూపే ఆ బొమ్మ నేను నల్లబల్ల మీద ఎన్నిసార్లో గీశాను. ఆయన ఏ పుస్తకమూ లేకుండా దాన్ని వెతికి పట్టుకున్నాడు.

నన్ను చూసి పెదవులు తుడుచుకున్నాడు. "చూస్తివా?"

"చూశానన్నా. ఎవరితోనూ అనను."

"భక్తి ముదిరిందంటాండారు ఈడ. అననీలే." మిషను చేతిలోకి తీసుకున్నాడు. "అన్నా ఒగటే, అనకపోయినా ఒగటేప్పా. ఇప్పుడెవురు పిలుస్తారు నన్ను?"

నంద్యాల బడిలో ఏటా పిల్లల చూపు పరీక్షించే పని నా మీద పడేది. మిగతా బళ్లలో అక్షరాల అట్ట గోడకు తగిలించి, అందరినీ వరసగా నిలబెట్టి ఒక పూటలో ముగించేవారు. అక్షరం కనిపించని పిల్లను చూసి మిగిలినవాళ్లు నవ్వేవారు. నేను ఒక్కొక్కరినే సైన్సు గదిలోకి పిలిచి, తలుపు మూసి చూసేవాణ్ణి. "ఏంది సారూ, పెండ్లిచూపులా? వారం చేస్తాండావు!" అని హెడ్మాస్టరు ఎగతాళి చేసేవాడు. ఒక ఏడు ఒక అమ్మాయి అట్ట మీది అక్షరాలన్నీ తడుముకోకుండా అప్పజెప్పింది. ఆమె కళ్లు అట్ట వైపు లేవు. అంతకుముందు వెళ్లినవాళ్లను అడిగి కంఠస్థం చేసి వచ్చింది. అట్ట తిప్పి పెట్టి మళ్లీ అడిగితే తల దించుకుని, "ఎవురికీ చెప్పొద్దు సార్" అంది. చెప్పలేదు. వాళ్ల నాయనను విడిగా పిలిచి మాట్లాడాను.

ఇదంతా ఆచారికి చెప్పాలని రెండు సార్లు ఆళ్లగడ్డ బస్సెక్కాను. రెండు సార్లూ ఆయన మిషను ఆపి, "ఏం సారూ, బాగుండావా?" అన్నాడు. బాగున్నానన్నాను. టీ తాగి వచ్చేశాను. మూడోసారి వెళ్లేసరికి ఆయన పోయి నెల దాటింది. నేర్చుకున్నది నేను, పోగొట్టుకున్నది ఆయన. ఆ మాట ఆయన ముందు అనడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగబోయే ముందు, చుట్టూ ఎవరున్నారో ఒకసారి చూసుకుంటాను. ఆ ఆదివారం కొట్టంలో ఐదుగురున్నారు.