తేజు నుంచి డిబ్రూగఢ్‌కు అరగంట

ఆ విమాన ప్రయాణం రెండు గంటలని మనవళ్లకు చెబుతుంటాను. అబద్ధం, అరగంటే. ఎనభైల్లో మిర్చి ఆర్డర్ల కోసం అస్సాం దాటి తేజు దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. బుల్లి విమానం కదా, గుంటూరు యార్డులో బస్తాల్లా మమ్మల్నీ కాటా మీద తూచి ఎక్కించారు.

పక్క సీట్లో జవాను, మన అద్దంకి వైపు కుర్రాడే. తెల్లదోమ పత్తిని తినేస్తే వాళ్ల నాన్న పురుగుమందు తాగి పోయాడట. టెలిగ్రాం అందగానే బయల్దేరాడు.

"రోడ్డు మీదైతే ఎంతసేపు బాబాయ్?" అన్నాడు.

"ఏరు బల్లకట్టు మీద దాటాలిగా. పగలంతా పడుతుంది."

"అయితే ఒక రోజు కలిసొచ్చింది. నేనొచ్చేదాకా శవపెట్టె మూయకుండా ఉంచుతారంటారా? పెద్దకొడుకుని, మొదటి పిడికెడు మట్టి నేనే వెయ్యాలి."

"ఎందుకుంచరయ్యా! మా ఊళ్లో ఐసు పెట్టి వారం ఉంచాం."

నిజానికి మా ఊరు ఐసు మొహమే ఎరగదు. ఏ శవాన్నీ మర్నాటి దాకా ఉంచిందీ లేదు.

డిబ్రూగఢ్‌లో దిగాక నా చేతులు పట్టుకుని, "మీ మాటతో ప్రాణం లేచొచ్చింది బాబాయ్" అన్నాడు. అక్కడి నుంచి ఒంగోలుకు రైల్లో ఇంకా నాలుగు రోజులని నేను అనలేదు, అతను అడగలేదు. సంచి భుజాన వేసుకుని, నిమిషం కూడా వృథా కాకూడదన్నట్టు స్టేషన్ బస్సు వెంట పరుగెత్తాడు.