గోదావరి వంతెన మీద ఎర్ర తువ్వాలు

కుదిరిన పెళ్లిని నా చేతులతో నేనే చెడగొట్టుకునేంత ఘనకార్యం ఒకటి చేశాను. జాతకాలు కుదిరాయి, పెద్దవాళ్లు కుదిరారు. నా బుర్ర ఒక్కటే కుదురుగా లేదు. చెబుతాను, నవ్వండి. మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి.

మాది కోదాడ. అక్కడే సివిల్ ఇంజనీరింగ్ చదివి రాజమండ్రిలో ఉద్యోగంలో చేరాను. మిర్యాలగూడ అమ్మాయి సరితతో నిశ్చితార్థం అయింది. పెళ్లి రెండు వారాలుందనగా ఆమె వాళ్లమ్మతో కలిసి రైల్లో విశాఖపట్నం బయలుదేరింది. రైలు రాజమండ్రి మీదుగానే పోతుంది. స్టేషన్‌కు వెళ్లి కలిస్తే సరిపోయేది కదా అంటారా? అందరూ చేసే పనే నేనూ చేస్తే ఇక ఇంజనీరును ఎందుకయ్యాను?

"గోదావరి వంతెన మీద నిలబడి చెయ్యి ఊపుత. కిటికీలకెళ్లి సూడు" అన్నాను ఫోన్‌లో.

"పైన రోడ్డు, కింద రైలు అని నువ్వే చెప్తివి గదా! నా నెత్తి మీద నిలబడితే ఎట్ల కనబడతవ్?"

"వంతెన మొదట్ల నిలబడత. గాడ పట్టాలు వంపు తిరుగుతయి. ఇంజనీర్ నువ్వా, నేనా?"

"గంత దూరంకెళ్లి నిన్నెట్ల గుర్తుపట్టాలె?"

"దూరానికి కనబడేది పట్టుకుంట తియ్."

దూరానికి బాగా కనబడే రంగు ఎరుపు. రైల్వే వాళ్లు కూడా ఆ రంగును అందుకే ఎంచుకున్నారన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ ఉదయం కొవ్వూరు వైపు రెయిలింగ్ దగ్గర నిలబడ్డాను. రైలు కనిపించగానే కొత్త ఎర్ర తువ్వాలును, చేలో పిట్టల్ని తోలేవాడిలా గిరగిరా తిప్పాను. రైలు కూత వేసింది. డ్రైవరు కూడా పలకరిస్తున్నాడని మురిసిపోయి రెండు చేతులతో ఊపాను. కీచుమంటూ రైలు వంతెనకు ముందే ఆగిపోయింది.

ఫోన్ మోగింది. "ఎవడో పిచ్చోడు ఎర్రగుడ్డ ఊపిండంట, బండి ఆగింది. మా అమ్మ ఒకటే తిట్టుడు. నువ్వు యాడున్నవ్?"

"నేను... గీడనే ఉన్న."

సరిత గొంతు తగ్గించింది. "నీ చేతిలున్నది ఏం రంగు?"

జవాబు చెప్పేలోగా, వంతెనకు కాపలా ఉండే రైల్వే పోలీసు పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. గోదావరి మర్యాద కదా, పట్టుకోవడం కూడా అండీ అంటూనే పట్టుకున్నాడు.

"ఏంటండీ బాబూ, పట్టాలేవన్నా విరిగాయాండీ?"

"లేదు సార్."

"పోనీ, వంతెన కూలిపోతందాండీ?"

"లేదు సార్. నాకు కాబోయే భార్య ఆ రైల్లో ఉంది. టాటా చెప్తున్న."

ఆయన నన్ను జాలిగా చూసి, నా ఫోన్ లాక్కుని స్పీకర్ పెట్టాడు. "అమ్మా, ఈ తువ్వాలాయన మీ మనిషేనాండీ?"

 స్పీకర్‌లోంచి సరిత గొంతు వచ్చింది.

"ఎవరో నాకు తెల్వది సార్."

నా గుండె నేరుగా గోదాట్లో పడింది. అంతలో అత్తగారు ఫోన్ అందుకున్నారు.

"మా అల్లుడే సార్, జర ఇడిసిపెట్టుండ్రి. పెళ్లి పత్రికలు పంచినం గానీ, లేకుంటే మీ కాడనే ఉంచుకొమ్మందును."

పోలీసు రెయిలింగ్ పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వడం అయ్యాక కేసు మాత్రం రాశాడు.

పెళ్లి ఆగలేదు. కనుక సమస్త పాఠకులకు, రైల్వే శాఖకు, ముఖ్యంగా మా అత్తగారికి ప్రమాణపూర్వకంగా విన్నవించుకునేదేమంటే: ఇకమీదట నా భార్యకు టాటా చెప్పాల్సి వస్తే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఒట్టి చేతులతో, అదీ రైలు కదిలిందని నలుగురినీ అడిగి రూఢి చేసుకున్నాకే చెబుతాను.