పదిహేడు మూరల అత్తరు

నా చిన్నప్పుడు నా దగ్గర ఒక అత్తరు సీసా ఉండేది. చిటికెన వేలంత సీసా, దానికి గాజు బిరడా. భివండిలో మగ్గాల మీద పనిచేసే మా మేనమామ ఎండాకాలంలో సిరిసిల్ల వస్తూ నాకోసం తెచ్చాడు. కోరుట్లలో మా బడిలో ఏ పిల్ల దగ్గరా అలాంటిది లేదు. పదకొండేళ్ల పిల్ల మిడిసిపడడానికి అంతకంటే ఏం కావాలి? ఆ నాలుగు రోజులూ నా కాళ్లు నేల మీద ఆనలేదు.

మా అమ్మ వాళ్ల నాన్నది, అంటే మా తాతది, సిరిసిల్లలో నాలుగు మగ్గాల ఇల్లు. సెలవులకు వెళ్తే అక్కడ నా పని రాట్నం మీద కండెలు చుట్టడం. ఎండాకాలంలో మగ్గాల ఇంటి కిటికీలు తెరవరు. వడగాలి తగిలితే నూలు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, నేల మీద నీళ్లు చల్లి, ఆ చెమ్మలో కూర్చుని నేస్తారు. అందుకే లోపలికి వచ్చిన వాసన ఏదైనా పొద్దుగూకే దాకా లోపలే ఉంటుంది. గంజి వాసన, నూలు వాసన, నలుగురి చెమట వాసన, వాటన్నిటి మీద ఇప్పుడు నా అత్తరు. మెడకు, మోచేతులకు, జడకు, లంగా అంచుకు కూడా పూసుకునేదాన్ని.

ఆ ఏడు పక్కింటి అక్క మా తాత దగ్గర కొత్తగా పనికి చేరింది. వాళ్లమ్మకు చూపు తగ్గింది, ఇంట్లో పనిచేసే చేతులు ఇక ఆమెవే. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోయాక, దాని చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పి పక్కదానితో కలిస్తే ఆ తర్వాతవన్నీ తప్పినట్టే, విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మా తాత ఇంట్లో అంతవరకు ఆ పని మగవాళ్లే చేశారు. ఈ ఒక్క పడుగు సరిగ్గా అతికితే పని ఆమెదే, లేకపోతే పక్క వాడ నుంచి పాతాయన మళ్లీ వస్తాడు. తాత ఆమెకు రెండు రోజులు గడువిచ్చాడు.

పైకప్పులో గాజు పెంకు ఉన్న చోట వెలుతురు బాగా పడుతుందని అక్క అక్కడ కూర్చుంది. నా రాట్నమూ అక్కడే. మొదటి రోజు పొద్దున్నే చకచకా మొదలుపెట్టిన మనిషి, రెండు గంటలు గడిచేసరికి పోగులు తప్పడం మొదలుపెట్టింది. విప్పింది, మళ్లీ అతికింది, మళ్లీ తప్పింది. మూడో మగ్గం మీద నేసే, నేను మామ అని పిలిచే నేతగాడు, తన మగ్గం ఖాళీగా ఉందని మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని చూస్తున్నాడు.

"గీ పిల్లతోని గాదు" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ అందరికీ వినిపించింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్కంటే నాకు ప్రాణం. అందుకే మర్నాడు పొద్దున నేనొక గొప్ప సాయం చేశాను. ఆమె కూర్చోగానే వెనక నుంచి వెళ్లి, ఆమె కొంగుకు నా అత్తరు దండిగా పూసి, మంచి వాసనొస్తే మనసు కుదురుతుందని చెప్పాను. అక్క నవ్వి నా బుగ్గ తట్టింది. ఆ పొద్దు మూడుసార్లు లేచి బయట కుండ దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కుంది. వచ్చిన ప్రతిసారీ కాసేపు వేళ్లు బాగా ఆడేవి, తర్వాత మళ్లీ తడబడేవి. మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు.

నేను చూసి కూడా గమనించనిది మా తాత గమనించాడు. అందరూ అన్నానికి వెళ్లాక నన్ను రాట్నం దగ్గరే కూర్చోమని, తాను బయటికి వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కండ్లు మూసుకొని నీ దిక్కు వస్త బిడ్డా. నీ అత్తరు ఏడ తగుల్తదో ఆడ ఆగుత" అన్నాడు.

ఆట అనుకుని సంబరపడ్డాను. తాత కళ్లు మూసుకుని గడప మీద కాలు పెట్టాడు, అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత వంగి, గడప నుంచి నేను కూర్చున్న చోటు దాకా తన మోచేతితో నేల మీద మూరలు కొలుచుకుంటూ వచ్చాడు. నేనూ గొంతు కలిపి లెక్కపెట్టాను. పదిహేడు.

"ఆడిమనిషికి చీర పన్నెండు మూరలైతె సాలు" అన్నాడు తాత, నా ఎదురుగా చతికిలబడి. "నువ్వు పదిహేడు మూరలది కట్టుకున్నవు. ఇండ్ల కూసున్నోళ్లందరికి సుట్టినవు. వాళ్లు కావాలన్నరా?"

నా నవ్వు ఆగిపోయింది. అక్క ముఖం కడుక్కోవడానికి ఎందుకు లేచేదో అప్పుడు అర్థమైంది. తాత కేకలేయలేదు. కిటికీల గోనెపట్టాలు విప్పుతూ, కొంగు సంగతి నేనే చూసుకోవాలని మాత్రం అన్నాడు. బావి దగ్గర కుంకుడు రసంతో ఒళ్లంతా రుద్దుకుని, లంగా మార్చుకుని, తడి జడతోనే అక్క వాళ్లింటికి వెళ్లాను.

అక్క నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని గోడవారగా పడుకుని ఉంది. అన్నం ముట్టలేదు. నా వల్లే కదా అని అడిగాను.

"నీ సీసా ముచ్చట చెప్తుంటె నీ మొఖం ఎట్ల మెరుస్తుండె. ఏమని చెప్పాలె చెల్లె?" అంది. "నాకు తల నొస్తుందని తాతకు చెప్తె, పని రాక సాకు చెప్తుందనుకుంటడని ఊకున్న."

ఆ మాటకు నాకు పుట్టిన సిగ్గు అంతా ఇంతా కాదు. ఆమె పేదరికం ఆమె నోరు కట్టేసింది, యజమాని మనవరాలిననే హోదా నా ముక్కు కట్టేసింది. మజ్జిగ కలిపి అన్నం నేనే పెట్టాను. అత్తరు అంటిన చీరను నేనే ఉతికి ఆరేశాను. వేరే చీర కట్టుకుని అక్క లేచి వచ్చేసరికి మగ్గాల ఇంట్లో గాలి ఆడి, మళ్లీ పట్టాలు కట్టి, తాత నేల మీద నీళ్లు చల్లుతున్నాడు.

ఆ మధ్యాహ్నం అక్క వేళ్లను చూడాలి. బూడిద అద్దడం, పోగు పట్టడం, మెలి తిప్పడం, వదలడం. ఒక్కసారి కూడా లేవలేదు, ఒక్కటీ విప్పలేదు. నేను కండెలు చుట్టడం మరిచిపోయి చూస్తూ కూర్చుంటే నేతగాళ్లు కండెలకోసం నన్ను తిట్టారు. పెంకు కింద వెలుతురు ఎర్రబడే వేళకు చివరి పోగు కలిసింది.

ఇక అతుకులన్నీ దువ్వెనలాంటి అచ్చు సందుల్లోంచి తెగకుండా ఇవతలికి రావాలి. మూడో మగ్గం మామ గుంటలోకి దిగి పడుగును మెల్లగా లాగాడు. మిగతా మగ్గాలు ఆగిపోయాయి. వెంట్రుకవాసి అతుకులు ఒక్కొక్కటే దాటాయి. ఒక్క పోగు తెగలేదు. మామ కాళ్ల కింది పలక తొక్కి, అడ్డపోగు నింపిన నాడె విసిరి, బెత్తెడు బట్ట నేసి, దాని మీద అరచేయి పెట్టి నిమిరాడు.

"ఇగ నా మగ్గానికి గీ పిల్లనే అతకాలె" అన్నాడు.

అక్క రెండు చేతుల బూడిదతో నా ముఖం పట్టుకుని నవ్వింది. ఆ బూడిద ముఖంతోనే వీధంతా తిరిగి, అక్క గెలిచిందని ఇంటింటికీ చెప్పొచ్చాను. ఏ పరీక్ష పాసైనప్పుడూ నాకు అంత ఆనందం కలగలేదు. తర్వాత రోజుల్లో మూడు వాడల నుంచి అచ్చు అతకడానికి అక్కకే కబురొచ్చేది.

మర్నాడు తాత అక్క ముందే నా సీసా తెమ్మన్నాడు. పారబోస్తాడనుకున్నాను. బిరడా తీసి, దాని కొసతో నా మణికట్టు మీద ఒక్కసారి అంటించి, మళ్లీ కళ్లు మూసుకుని నడిచి వచ్చాడు. ఈసారి నా ముందుకు వచ్చేదాకా ఆగలేదు. మా ఇద్దరి మధ్య ఒక్క మూర.

"గిది నీ మూర. గిండ్ల నీ ఇష్టం. దీనవతల ఇంకోళ్లది" అన్నాడు.

పెద్దయ్యాక జగిత్యాలలో ఒక ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేశాను. ఒకటే గది, ఆరు బల్లలు. ఏసీ పెట్టాక కిటికీలు మూశారు, అచ్చం మా తాత మగ్గాల ఇల్లే. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఒళ్లంతా స్ప్రే కొట్టుకుని వచ్చేది. పక్క బల్ల ఆవిడ మధ్యాహ్నానికి తల పట్టుకునేది. వెనకాల గుసగుసలే గానీ ఆ పిల్లతో చెప్పినవాళ్లు లేరు. నేను ఆమెను చాయ్‌కి తీసుకెళ్లి నా పదిహేడు మూరల సంగతి చెప్పాను. చాయ్ ఒలికేలా నవ్వింది. మర్నాడు నా బల్ల ముందుకు వచ్చి, చెయ్యి చాపి, సరిపోయిందా అని అడిగింది. సరిపోయింది.

పోయిన నెల సిరిసిల్లలో ఒక పెళ్లికి వెళ్లాను. అక్క వచ్చింది. వాళ్లమ్మలాగే ఇప్పుడు ఆమెకూ చూపు ఆనడం లేదు. ఎదురుగా నిలబడి పలకరించినా పోల్చుకోలేదు. పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. నా మణికట్టును ముక్కు దగ్గరికి తీసుకుంది. ఆ వేళ్లు ఇంకా పోగును పట్టినట్టే పట్టాయి.

"మూరెడే పెట్టినవు చెల్లె" అంది.